చిన్న గదికి సరిపడే జత

దక్షిణామూర్తి గారు ఆ గదిలో అడుగు పెట్టగా శ్యామలాంబ చూడ్డం అదే మొదలు. గుమ్మం పొట్టిదని కూడా తెలియదు పాపం ఆయనకి, నుదురు ఠప్పున కొట్టుకున్నారు. రుద్దుకుంటూ లోపలికి పోయి, నట్టనడుమ నిలబడి, చప్పట్లు కొట్టడం మొదలెట్టారు. తూర్పు గోడకి తిరిగి ఒకటి, పడమటి గోడకి తిరిగి ఒకటి, కప్పుకేసి చూసి ఇంకోటి. కొట్టడం, చెవి రిక్కించి వినడం, మళ్లీ కొట్టడం.

నూతి దగ్గర అంట్లు తోముతున్న అప్పయమ్మ చెయ్యాపి, "ఏటమ్మా, బాబుగోరు పిచికల్ని తోల్తన్నారా?" అంది.

"గది ఎలా పలుకుతోందో చూస్తున్నారులే. నువ్వు బేగి కానియ్యి," అంది శ్యామలాంబ.

అవతల వీధి వరండాలో నాతవరం నుంచి మొదటి బస్సుకొచ్చిన కక్షిదారులు తువ్వాళ్లు తలకింద పెట్టుకుని కునుకుతున్నారు. ఇవతల నర్సీపట్నం కోర్టులో పేరున్న ప్లీడరు గారు ఆడవాళ్ల గదిలో చప్పట్లు కొట్టుకుంటున్నారు. గాలి సోకి మతి పోయిందేమో, రేపు కోర్టులో కూడా ఇలాగే కొడితేనో అని ఒక్క క్షణం భయం పట్టుకుంది ఆమెకి. కానీ ఆయన ముఖంలో పిచ్చి ఛాయలేం లేవు. ఎదుటి పార్టీ పత్రంలో తప్పు దొరికినప్పటి సంబరం ఉంది.

"శ్యామలా! ఇదే. నేను వెతుకుతున్న గది ఇదే," అన్నారు బయటికొస్తూ. ఈసారీ గుమ్మం తగిలింది.

ఆ గది ఇంటికి అంటీ అంటనట్టు, వంటింటి వెనక వరండా చివర ఉంటుంది. ఇంట్లో ఆడవాళ్లు నెలకి మూడు రోజులు మూల కూర్చునే గది. ఒక చాప, ఒక దిండు, విడిగా ఒక సత్తుకంచం, మేకుకి కట్టిన దండెం. మగవాళ్లు దాని పేరెత్తరు. అటు పోవలసి వస్తే నూతి చుట్టూ తిరిగి పోతారు. అలాంటి గదిని వెతుక్కుంటూ ఈ మహానుభావుడు వచ్చాడంటే దానికి కారకుడు మన్మథరావు గారు.

మన్మథరావు గారికి నాతవరం రోడ్డులో జీడిపిక్కల మిల్లు ఉంది, మేడ ఉంది, మేడ మీద హాలు ఉంది. హాల్లో మనిషెత్తు స్పీకర్లు రెండు ఉన్నాయి. ఆదివారం పూట ఊళ్లో పెద్దమనుషుల్ని పిలిచి కూర్చోపెట్టి కచేరీ రికార్డులు వినిపిస్తాడు. వాళ్లు కళ్లు మూసుకుని వింటారుట. కళ్లు తెరిచి వింటే మర్యాద కాదుట. పోయిన ఆదివారం దక్షిణామూర్తి గారు అక్కడ కళ్లు మూసుకుని, తెరిచేసరికి అసూయతో ఎర్రబడి ఇంటికొచ్చారు. ఆ పైన మన్మథరావు ఒక ముక్క అన్నాట్ట: "ఏం చేస్తామండి ప్లీడరు గారూ, మా హాలు మరీ పెద్దదైపోయింది. అసలు సంగీతానికి చిన్న గదుండాలి. గోడలు దగ్గరగా, మందంగా ఉండాలి. అలాంటి గది నాకేదండి?" ఉన్నవాడు లేదని ఏడిస్తే అది గొప్ప చెప్పుకోవడమని పసిపిల్లకైనా తెలుస్తుంది. ప్లీడరు గారికి తెలియలేదు. అతనికి లేని గది నాకుండాలి అన్నది ఒక్కటే బుర్రలో దిగింది.

"మరి మేం?" అంది శ్యామలాంబ.

"మీరేమిటి?"

"నాకూ, హైమకీ ఆ గది..." పూర్తి చెయ్యలేకపోయింది. భర్తతో అయినా సరే, ఆ మాట నోటితో అనే అలవాటు ఆ ఇంట్లో లేదు. "పిల్లకి ఇంటరు పరీక్షలు వచ్చేస్తున్నాయి. ఆ గదిలో బల్బయినా ఉంది. పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది."

"కట్టెలపాక ఉందిగా. ఎక్కడో సర్దుకోండి," అన్నారాయన. అప్పటికే కళ్లు గది కిటికీ మీద ఉన్నాయి. "ఆ కిటికీకి ఒక దళసరి తెర కుట్టు. గాజు కంపిస్తే బేస్ చెడిపోతుందిట."

పోనీ అత్తగారైనా అడ్డం చెబుతుందేమో అనుకుంది శ్యామలాంబ. ఆచారం విషయంలో వర్ధనమ్మ గారు నిప్పు. మడిబట్ట గాలికి ఊగి గోడకి తగిలితే మళ్లీ తడుపుకొచ్చే మనిషి. కొడుకు వెళ్లి అడిగినప్పుడు ఆవిడ హాల్లో పీట మీద కూర్చుని వత్తులు చేసుకుంటోంది. చేతిలో దూదిని మోకాలి మీద వేసి ఒక్కసారి రుద్ది, వత్తిని పళ్లెంలో పడేసి, అప్పుడు తలెత్తింది.

"ఆ గదితో నాకేం పనిరా? నా వయసు మళ్లింది. కడిగించి, పసుపునీళ్లు చల్లించుకుని నీ ఇష్టమొచ్చింది పెట్టుకో. అయినా అడగాల్సింది నన్ను కాదు." అని కోడలి వంక చూసింది.

ఆయన భార్య వంక చూడలేదు. "అమ్మ ఒప్పుకుంది," అని కోర్టు ఆర్డరు చదివినట్టు చదివి వెళ్లిపోయారు.

రెండు రోజుల్లో చాపా దిండూ కట్టెలపాకలోకి వెళ్లాయి. గదికి సున్నం పడింది. తలుపుకి ఇత్తడి తాళం వచ్చింది. గోడలు మరీ బోసిగా ఉంటే గది కంచుగిన్నెలా మోగుతుందిట, అందుకని పెట్టెలోంచి పెళ్లినాటి జంఖానా తీయించి వెనక గోడకి మేకులు కొట్టి వేలాడదీశారు. ఆ జంఖానా మీద ఒకసారి హైమ సిరా ఒలకబోసిందని చెంపదెబ్బ తింది. ఇప్పుడు దానికి మేకులు దిగుతుంటే ప్లీడరు గారు దగ్గరుండి, "గట్టిగా కొట్టు, గట్టిగా," అన్నారు.

శ్యామలాంబ పాకలోకి వెళ్లి చూసుకొచ్చింది. రెండు వైపులా తడిక, పైన తాటాకు. వెనక పంటకాలవ, కాలవ గట్టు మీంచి చెరకు బళ్లవాళ్లు పోతూ ఉంటారు. తడిక సందుల్లోంచి లోపల మనిషి కూర్చుంటే చీర రంగుతో సహా తెలుస్తుంది. పాము రావచ్చు. కట్టెలమోపు జారి నెత్తిన పడచ్చు. బుడ్డిదీపం తన్నుకుంటే తాటాకు అంటుకోవచ్చు. పిల్ల పరీక్ష తప్పచ్చు. తప్పితే చదువు మాన్పించేస్తారు. మాన్పిస్తే? ఆలోచన అక్కడిదాకా వెళ్లి ఆగేది కాదు. ఆమె చూసిన ప్రతి వస్తువు కిందా ఒక ఆపద పొంచి ఉండేది. ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. "మీ అమ్మ మంచినీళ్లలో కూడా మొసలిని చూస్తుంది," అనేవారు ఆయన కూతురితో.

శనివారం విశాఖపట్నం నుంచి వ్యానులో స్పీకర్లు వచ్చాయి. వాటితో పాటు భానుమూర్తి అనే దుకాణం మనిషి వచ్చాడు. సన్నటి మీసం, జేబులో తెల్లటి రుమాలు. రెండు జతలు తెచ్చాడు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. గదిలో పెట్టి విని, ఏది నప్పితే అది ఉంచుకోమన్నాడు. పెద్ద జత బియ్యం బస్తా నిలబెట్టినంత ఉంది. చిన్న జత పూజామందిరమంత ఉంది. ముందు వైపు నల్లటి గుడ్డ బిగించి ఉంది రెండింటికీ. వాటిని దింపుతుంటే భానుమూర్తి పసిబిడ్డని పొత్తిళ్లలో పట్టుకున్నట్టు పట్టుకుని, "మెల్లిగా, మెల్లిగా, మెడ జాగ్రత్త," అన్నాడు. పెట్టెకి మెడెక్కడుందో శ్యామలాంబకి అర్థం కాలేదు.

పెద్ద పెట్టెలు గదిలో చెరో మూలా సరిపోతాయని అక్కడికి తోయించబోయారు దక్షిణామూర్తి గారు.

"అయ్యయ్యో, మూల మాత్రం వద్దండీ!" భానుమూర్తి చేతులడ్డం పెట్టాడు. "స్పీకర్ని మూల కూర్చోపెట్టకూడదు. మూల కూర్చుందా, దాని గొంతు బొంగురుపోతుంది. ఉన్న బేస్ అంతా గోడలకి కొట్టుకుని బొయ్యిమని మూలుగుతుంది. చుట్టూ గాలాడాలి సార్. వెనక మూరెడు, పక్కన మూరెడు వదిలి, ముఖం మనవైపు తిప్పి, గౌరవంగా కూర్చోపెట్టాలి."

"అవునవును. మూల పడేస్తే ఏం పలుకుతుంది పాపం!" అన్నారు ప్లీడరు గారు. ఆ పాపం అన్న మాటలో ఎంత జాలి! సొంత కూతురికి జ్వరం వచ్చినా గొంతులో అంత తడి తగల్లేదు ఎప్పుడూ.

నూతి గట్టు మీంచి అప్పయమ్మ పైట నోటికడ్డం పెట్టుకుంది. "ఇన్నారా అమ్మా? పెట్టి మూల కూకోకూడదంట. దానికి గాలాడాలంట."

"ఊరుకోవే."

"నానేటన్నాను? ఆ బాబు సెప్పిందే సెప్పాను. మనం పెట్టిగా పుట్టినా బాగుణ్ణు."

శ్యామలాంబకి నవ్వు రాలేదు. తుడుస్తున్న గిన్నెనే మళ్లీ మళ్లీ తుడిచింది. లోపల ఇద్దరు మగవాళ్లు పెట్టెల్ని బెత్తెడు ముందుకి జరిపి, విని, అర బెత్తెడు వెనక్కి జరిపి, తాడుతో కొలతలు వేస్తున్నారు. కుర్చీ ఎక్కడుండాలి, కూర్చున్న మనిషి చెవి ఎంత ఎత్తులో ఉంటుంది, రెండు పెట్టెలకీ ఆ చెవి సమానదూరంలో ఉందా లేదా. వాటి సౌఖ్యం వాటిది. ఆ కొలతల్లో ఒకటైనా ఇన్నేళ్లలో ఆ గదిలో పడుకున్న మనిషికి ఎవరూ వెయ్యలేదు. కాళ్లు చాపితే తలుపు మూయడానికి పడదని అందులో పడుకున్నవాళ్లకి మాత్రమే తెలుసు.

పెద్ద జత మోగించగానే కిటికీ రెక్క గడగడలాడింది. వంటింట్లో తట్ట మీద బోర్లించిన గ్లాసులు గొణిగాయి. "ఇంటిమీంచి ఏమైనా బస్సు వెళ్లిందిటే?" అనడిగింది వర్ధనమ్మ గారు. ఆ జతే ఉంచుకోవాలని దక్షిణామూర్తి గారి ఉబలాటం. భానుమూర్తి నసిగాడు, గది చిన్నది కదా సార్ అన్నాడు. చివరికి తీర్పు ఆదివారానికి వాయిదా పడింది. మన్మథరావు గారొచ్చి రెండూ విని చెబుతారు. ఊళ్లో ఆయన చెవికున్న విలువ అలాంటిది మరి. మిల్లు ఉన్నవాడి చెవి.

ఆ సాయంత్రమే అప్పయమ్మ పాకలోకి కట్టెలకి వెళ్లి కేకేసింది. చాప అంచుకింద మండ్రగబ్బ. అరచేతి పొడవు, నల్లగా నిగనిగలాడుతోంది. చెప్పుతో కొట్టి, ఈనెపుల్లకి గుచ్చి తెచ్చి చూపించింది. "దీని ఆడది కూడా ఉంటాదమ్మా. ఒంటరిగా ఉండవు ఇవి."

వీటికీ జతే కావాలి కాబోలు అనుకుంది శ్యామలాంబ.

ఆదివారం పొద్దున్న పాలు కాచి, డికాక్షను దిగిందా లేదా అని ఫిల్టరు మూత తీసి చూస్తుంటే వెనకాల అలికిడైంది. హైమ వంటింటి గడప అవతల నిలబడి ఉంది. లోపలికి రాలేదు. చేతిలో కెమిస్ట్రీ పుస్తకం ఉంది. కాలి బొటనవేలు గడపకి తగలకుండా వెనక్కి పెట్టుకుంది. అంతే, ఇంకేం చెప్పక్కర్లేదు.

"ఇవాళేనా?" అంది తల్లి.

"నేనేం చెయ్యనమ్మా? వాయిదా అడిగితే ఇవ్వరుగా."

ప్లీడరు కూతురు మరి. శ్యామలాంబ పొయ్యి మంట తగ్గించి పిల్ల వెనకే పెరట్లోకి నడిచింది. పాక తడిక తీసింది. లోపల చీకటి, పచ్చికట్టెల వాసన. చాప దులిపింది. దులుపుతుంటే ఏదో చిటపటమంది. ఎండుటాకే కావచ్చు. కానీ ఆమె చేతిలోంచి చాప జారిపోయింది. ఆడ తేలు ఇంకా ఇక్కడే ఉంది. ఈ మోపులో ఉంది, లేదా ఆ తడికలో ఉంది. పిల్ల చదువుకుంటూ చదువుకుంటూ చెయ్యి కింద పెడుతుంది. కుడితే నోరు తెరిచి అరవదు కూడా, వీధి వరండాలో పరాయి మగవాళ్లున్నారని. ఆమెకి హైమ చెయ్యి నీలంగా కనిపించింది. కళ్ల ముందు నిజంగానే కనిపించింది.

భర్తంటే భయమే. అత్తగారంటే భయమే. కానీ భయాల్లో కూడా పెద్దా చిన్నా ఉంటాయి. గూట్లోంచి తాళంచెవి తీసుకుని ఇత్తడి తాళం తెరిచింది.

"అమ్మా, ఇది నాన్నగారి..."

"లోపలికి పో. గడియ వేసుకో. దేన్నీ ముట్టుకోకు."

హైమ గదంతా కలయజూసింది. పెద్ద పెట్టెలు రెండు, చిన్న పెట్టెలు రెండు, రికార్డు బల్ల, కుర్చీ. "ముట్టుకోకుండా ఎక్కడ కూర్చోనమ్మా? వాటికి మూరెడేసి గాలి వదిలాక నాకు జానెడు మిగిలింది," అంది. అని, చాప మడతపెట్టి పరుచుకుని, పెద్ద పెట్టె కానుకుని పుస్తకం తెరిచింది.

టిఫిను వేళకి మన్మథరావు గారు వచ్చారు. లాడ్జి నుంచి భానుమూర్తి వచ్చాడు. వాళ్లని ముందు గదిలో కూర్చోపెట్టి, దక్షిణామూర్తి గారు చంకలో రికార్డు పెట్టుకుని, ఇస్త్రీ లాల్చీతో పెరటి వరండాలోకి వచ్చారు. తాళం తీసే ఉంది. తలుపు తోశారు. రాలేదు.

"గడియ పడిపోయిందేమిటి?"

"హైమ ఉంది లోపల," అంది శ్యామలాంబ.

"ఏం చేస్తోంది?"

"కూర్చుంది."

అర్థం కావడానికి ఆయనకి కొంచెం వ్యవధి పట్టింది. అర్థమయ్యాక ముఖం మీద నెత్తురు మెల్లిగా పైకెక్కింది. "నీకు బుద్ధుందా?" అన్నారు. అరిస్తే ముందు గదికి వినపడుతుంది కాబట్టి గుసగుసగా. "పెద్దమనుషులు కూర్చుని ఉన్నారక్కడ. పాక ఉందని చెప్పానా లేదా?"

"పాకలో మండ్రగబ్బ వచ్చిందండీ. సర్దుకోమన్నారు కదా. సర్దాను."

ఈ గుసగుసలకి వర్ధనమ్మ గారు వచ్చింది. చేతిలో చెంబుంది, తులసి కోటకి నీళ్లు పొయ్యడానికి వెళుతోంది. సంగతి రెండు ముక్కల్లో విని, తలుపు వైపు తిరిగి, "ఏమే హైమా, దేన్నయినా తాకావా?" అనడిగింది.

లోపల్నుంచి జవాబొచ్చింది. "పెద్దదాన్ని ఆనుకున్నాను బామ్మా. చిన్నవాటికి కాళ్లు తగిలాయి."

"అన్నీ అయ్యాయన్నమాట," అంది బామ్మ. "పాక శుభ్రం చేయించి పిల్లని అటు పంపండి. చెక్కకి పసుపునీళ్లు చల్లితే చాలు. ముందువైపు గుడ్డ ఉంది కదరా వాటికి? గుడ్డ తడపాలి. చెంబెడేసి పోస్తే సరి."

"నీళ్లా!" దక్షిణామూర్తి గారి గుసగుస విరిగి గొంతు బయటపడింది. "అమ్మా, ఆ గుడ్డ వెనకాల ఉండేది కాయితం! తడిస్తే చచ్చిపోతాయి. పైగా ఇంకా నావి కూడా కావు, చూడ్డానికి తెచ్చినవి!"

"పట్టుగుడ్డేనా? పట్టుకి మైల లేదు."

"పట్టు కాదు. ఏదో నైలాను."

వర్ధనమ్మ గారు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. వేళాకోళం ఆవిడకి రాదు. "నైలాను సంగతి పెద్దలు చెప్పలేదు. చెప్పనిదానికి తడపడమే ధర్మం. తలుపు తీయించు."

"ప్లీడరు గారూ! ఏటండీ, గదికి దారి తప్పారా?" ముందు గదిలోంచి మన్మథరావు గారి నవ్వు.

"వస్తున్నానండీ, వచ్చేశా!" అని అటు కేకేసి, ఇటు తిరిగారు దక్షిణామూర్తి గారు. తిరిగేసరికి మనిషి మారిపోయాడు. శ్యామలాంబ ఈ మార్పు కోర్టులో చూడలేదు గానీ, విన్నది. పొద్దున్న ఒక పక్షానికీ సాయంత్రం దాని ఎదుటి పక్షానికీ ఒకే గొంతుతో వాదించగలడని ఆయనకి పేరు. "అమ్మా, ఆలోచించు. ఇవన్నీ పాతకాలపు చాదస్తాలు. శరీరధర్మానికి మైలేమిటి? సైన్సు ఒప్పుకోదు. లోకం ఎక్కడికి పోతోంది, మనమెక్కడున్నాం? చదువుకున్న కుటుంబం మనది. ఆడపిల్లల్ని ఇలా వెలివేసినట్టు కూర్చోపెట్టడం తప్పు. మహా తప్పు."

గొంతులో ఆవేశం, చేతిలో రికార్డు. కళ్లల్లో కాస్త తడి కూడా వచ్చింది. శ్యామలాంబ నోరు తెరుచుకుని చూసింది. ఈ మాటల కోసం ఆమె ఎన్ని రాత్రులు దిండులో ముఖం దాచుకుందో! చలిజ్వరంతో కూర్చున్నప్పుడు ఈ ఆవేశం ఏ బీరువాలో ఉంది? బాలింతగా ఉండి తను రగ్గు అడిగితే మైలపడుతుందన్న నోరు ఇదే కదా. ఇన్నాళ్లూ నిజం తెలియక ఊరుకున్నాడేమో అనుకునేది. తెలుసన్నమాట. ముక్కముక్కా తెలుసు. అవసరం పడలేదు, అంతే.

వర్ధనమ్మ గారు చెంబు నడుముకానించి కొడుకుని తేరిపార చూసింది.

"ఈ సైన్సు నీకు ఎప్పుడొచ్చిందిరా?"

"అమ్మా..."

"నేను ఆ గదిలో కూర్చున్నాను. నీ పెళ్లాం కూర్చుంది. మాఘమాసం తెల్లవారుజామున మేం నెత్తిన నీళ్లు పోసుకుని వణుకుతూ వస్తుంటే నువ్వు ఇటు తిరిగి చూశావు కావు. పెట్టె తడుస్తుందనేసరికి లోకం ఎక్కడికి పోతోందో కనిపించింది నీకు." ఆవిడ గొంతు పెంచలేదు. "నాకు వాదాలు తెలియవు. ఒక్కటి చెప్పు. మైల ఉందంటే చెంబెత్తుతాను. లేదంటే లేదు. పెట్టెకీ లేదు, పిల్లకీ లేదు, రేపు దాని తల్లికీ లేదు. పెట్టెకొకటీ మనిషికొకటీ అయితే ఆచారం కాదు అది, నీ కోర్టు."

ముందు గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. ఎవరో లేస్తున్నారు.

"లేదు," అన్నారు దక్షిణామూర్తి గారు.

"నాకు చెవుడు."

"లేదమ్మా. మైలా లేదు, ఏం లేదు."

వర్ధనమ్మ గారు తలాడించింది. చెంబులో నీళ్లు తులసికి పోసి వచ్చి, కోడలితో అంది: "నేను మాత్రం మారలేనే. ఈ వయసులో నావల్ల కాదు. నా కుంపటీ, నా గిన్నే వరండాలో ఈ చివర పెట్టించు. నా వంట నేను చేసుకుంటాను." అంటూనే కొంగు దులుపుకుని, తనే పీట తెచ్చుకుని అక్కడ విడిగా కూర్చుంది. కొడుకు మీదున్న చిరాకులో సగం కూడా మనవరాలి మీద లేదు ఆవిడ ముఖంలో. ఆవిడ వల్ల శ్యామలాంబ ఎన్నోసార్లు కన్నీళ్లు పెట్టుకుంది. కానీ ఆ మనిషికి ఒక మాట ఉంది, ఆ మాటకి ఒక వెన్నెముక ఉంది. ఈయనకి లాల్చీ ఉంది, ఇస్త్రీ ఉంది.

గడియ తీసుకుని హైమ బయటికొచ్చింది. పుస్తకంలో వేలు పెట్టి ఉంచింది, పేజీ పోకుండా. "ఎటు వెళ్లను?" అనడిగింది.

"హాల్లోకి," అంది తల్లి. "బల్ల దగ్గర కూర్చుని చదువుకో." అని, పిల్ల గడప దాటుతుంటే ఊపిరి బిగబట్టింది. ఇంటిమీద పిడుగేం పడలేదు. గోడ మీద బల్లి కూడా పలకలేదు.

పెద్దమనుషులు పెరటి వరండాలోకి వచ్చేశారు. "ఏటండీ ఆలస్యం?" అన్నారు మన్మథరావు గారు.

"ఇంట్లో చిన్న సంస్కరణ అండి," అన్నారు దక్షిణామూర్తి గారు లాల్చీ సర్దుకుంటూ. "ఆడవాళ్ల చాదస్తాలు ఎన్నాళ్లని భరిస్తాం? ఇవాళ గట్టిగా చెప్పేశాను."

"మంచిపని చేశారు," అన్నారు మన్మథరావు గారు, ఏమిటో ఎందుకో తెలియకుండా. వాళ్లు గదిలోకి వెళ్లారు. గుమ్మం అందరి నుదుళ్లకీ తగిలింది.

శ్యామలాంబ కాఫీ కలపడానికి వంటింట్లోకి వచ్చింది. సంతోషం రావలసిన చోట భయం వచ్చి కూర్చుంది. సాయంత్రానికి ఈ పెద్దమనుషులు వెళ్లిపోతారు. పెట్టెలు క్షేమంగా ఉంటాయి. అప్పుడు ఆయన, అదేదో ఆవేశంలో అన్నాను, అమ్మ మనసు కష్టపెట్టుకుంది, మళ్లీ పాకలోకి వెళ్లండి అంటే? అంటారు. ఆయనకి రెండో పక్షం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ప్లీడరు గారింట్లో ఇన్నేళ్లు వంట చేసిన మనిషికి ఒకటి బాగా తెలుసు: సాక్షులు లేని మాట నిలవదు.

గదిలోంచి పెద్ద జత మోగింది. మృదంగం మీద దెబ్బ పడుతుంటే దుప్పట్లో మూటగట్టి కొట్టినట్టుంది. "గది చాలట్లేదండి వీటికి," అన్నారు మన్మథరావు గారు. ఊళ్లో అంత పెద్దవి తన మేడ మీదే ఉండాలని కూడా ఉండచ్చు ఆయనకి. తరవాత చిన్న జత మోగింది. శ్యామలాంబ చెయ్యి గ్లాసు మీద ఆగిపోయింది. వీణ. తీగ మీద వేలు జారే సన్నటి రాపిడి కూడా వినిపించింది, వరండాలో ఎవరో కూర్చుని వాయిస్తున్నట్టు. బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి కష్టంగా ఉంది గానీ బాగుంది. ఆ గదిలో అంత తియ్యని శబ్దం పుడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

కాఫీ గ్లాసులు పళ్లెంలో సర్ది, "హైమా," అని పిలిచింది. "ఇవి పట్టుకెళ్లి ఇవ్వు."

"నేనా?"

"నువ్వే. నీ వెనకాల నేనుంటాను."

హైమ తల్లి ముఖంలోకి చూసి, పుస్తకం బోర్లించి లేచింది. మన్మథరావు గారికి ఒకటి ఇచ్చింది. "మీ అమ్మాయేనా? ఎంత ఎదిగిపోయిందండీ!" అని అందుకున్నారాయన. భానుమూర్తికి ఒకటి ఇచ్చింది. "థాంక్సమ్మా," అన్నాడు. మూడోది తండ్రి ముందు పట్టుకుంది.

దక్షిణామూర్తి గారు ఆ కుర్చీలో, కొలిచి పెట్టిన చోట, రెండు పెట్టెలకీ సమానదూరంలో కూర్చుని ఉన్నారు. "చిన్నవి బాగానే ఉన్నాయి కానీ, వచ్చినవాళ్ల కంటికి ఆనవు. నా ఉద్దేశం పెద్దవే..." అంటూ అలవాటుకొద్దీ చెయ్యి చాచారు. గ్లాసు వెనకాల ఉన్న వేళ్లు ఎవరివో అప్పుడు చూశారు. చెయ్యి గాలిలో ఆగింది.

"అక్కడ పెట్టమ్మా," అన్నారు మెల్లిగా, బల్ల వైపు చూపించి. "తరవాత తాగుతాను."

హైమ కదలలేదు. గుమ్మంలోంచి శ్యామలాంబ, "చల్లారిపోతుందండీ. తాగండి," అంది.

ఆయన కళ్లెత్తి భార్యని చూశారు. ఇప్పుడు గ్లాసు విసిరేస్తారు, పిల్ల ముఖం కాలుతుంది, వీళ్లందరి ముందూ పరువు పోతుంది అని భయాలు ఆమెని ఒకదాని వెనక ఒకటి తరుముకొస్తున్నాయి. కళ్లు మాత్రం దించలేదు. పక్కన మన్మథరావు గారు చప్పరిస్తూ, "అమ్మాయి చేతి కాఫీ అమృతంలా ఉంది, తాగండి ప్లీడరు గారూ," అన్నారు.

దక్షిణామూర్తి గారు గ్లాసందుకున్నారు. కళ్లు గట్టిగా మూసుకున్నారు. ఆముదం పట్టించుకునే పిల్లాడిలా గుటక వేశారు. ఇంకో గుటక వేశారు. నుదుటి మీద సన్నగా చెమట పట్టింది.

"చూశారా," అని మన్మథరావు గారు భానుమూర్తి చెవిలో అన్నారు. "ఎలా లీనమైపోయారో! వినడమంటే అదీ."

"అయితే సార్, ఈ చిన్న జతే ఖాయం చేసేద్దామా?" భానుమూర్తి రుమాలుతో చేతులు తుడుచుకుంటూ ముందుకి వంగాడు.

ప్లీడరు గారి నోటినిండా కాఫీ ఉంది. తలూపారు.

గ్లాసు అడుగు కనబడేదాకా శ్యామలాంబ గుమ్మం వదల్లేదు.